బంతిని విసిరేది చెయ్యి కాదు.. కాలు!

సాఫ్ట్‌బాల్ పిల్లలకు తొలి పాఠం ఇదే
క్రికెట్ అలవాటు మాన్పించడమే పెద్ద పని
తప్పు విసురుతో ఎదిగే ఎముకకు ముప్పు

హోసూరు: మామిడి పిందె పడే కాలంలో క్రిష్ణగిరి చుట్టుపక్కల తోటల కాపలావాళ్ళకు కంటిమీద కునుకుండదు. బడి వదిలిన పిల్లకాయలు గట్టు మీద నిలబడి రాయి విసిరితే గురి తప్పదు మరి. అదే పిల్లకాయ చేతికి సాఫ్ట్‌బాల్ ఇచ్చి గట్టిగా పదిసార్లు విసరమంటే.. పదకొండోసారికి భుజం పట్టుకుంటాడు.

గురి లేక కాదు, బలం లేకా కాదు. ఇన్నాళ్ళూ ఆ చెయ్యి ఒంటరిగా పని చేసింది. రాయికి, టెన్నిస్ బంతికి అది సరిపోయింది. సాఫ్ట్‌బాల్‌కు సరిపోదు.

హోసూరు, బాగలూరు, సూళగిరి, డెంకణికోట, వేపనపల్లి.. ఈ సరిహద్దు ఊళ్ళ మైదానాల్లో సాయంత్రం పూట ఎక్కువగా కనబడేది క్రికెట్టే. జాతీయ పాఠశాలల క్రీడల్లో సాఫ్ట్‌బాల్‌కూ చోటుంది. కానీ జట్టు కట్టాలంటే చాలా బడుల్లో జరిగే తంతు ఒకటే. పోటీకి రెండు వారాల ముందు కబడ్డీ, ఖోఖో, క్రికెట్ ఆడేవాళ్ళలో చురుకైనవాళ్ళను ఏరి తొమ్మిది మందిని నిలబెట్టడం, నాలుగు రూల్సు చెప్పి బస్సు ఎక్కించడం. పరుగు వస్తుంది, క్యాచ్ వస్తుంది. విసరడం, కొట్టడం మాత్రం రావు. ఈ రెండూ రెండు వారాల్లో వచ్చేవి కావు.

పేరుకే మెత్తన

సాఫ్ట్‌బాల్ అంటే మెత్తని బంతి అనుకుంటే పొరపాటే. 1887లో షికాగోలో ఈ ఆట పుట్టినప్పుడు మాత్రం అది మెత్తగానే ఉండేది. ఒక పడవల క్లబ్బు హాలులో కుర్రాళ్ళు బాక్సింగ్ గ్లౌజును తాడుతో చుట్టి బంతిగా చేసుకుని, చీపురు కర్రతో కొట్టారు. జార్జి హాంకాక్ అనే ఆయన దానికి నియమాలు రాశారు. ఆ తర్వాత బంతి గట్టిపడింది. పేరు మాత్రం మెత్తగానే మిగిలిపోయింది.

ఇక లెక్క చూడండి. వీధి క్రికెట్‌లో ఆడే టెన్నిస్ బంతి బరువు 58 గ్రాములకు అటూఇటూ. అసలైన క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. సాఫ్ట్‌బాల్ 178 నుంచి 198 గ్రాములు. అంటే పిల్లలకు అలవాటైన టెన్నిస్ బంతులు మూడు కలిపినంత బరువు. చుట్టుకొలత 12 అంగుళాలు, క్రికెట్ బంతికి తొమ్మిదే. ఆరో తరగతి పాప అరచేతిలో అది పట్టదు. పట్టనిదాన్ని వేళ్ళతో కాక అరచేత్తో తోస్తుంది. తోసిన బంతి పోయేది కొంచెం, భుజానికి తగిలేది ఎక్కువ.

అందుకే చిన్నపిల్లలకు 11 అంగుళాల బంతి ఉంది. అది దొరక్కపోతే మొదటి నెల పాత గుడ్డలు చుట్టిన బంతితో నేర్పినా నష్టం లేదు. పెద్ద బంతితోనే మొదలుపెట్టి తప్పుడు పట్టు అలవాటు చేయడం కంటే అదే మేలు. పెద్ద బంతికి వచ్చాక కుట్టు మీదుగా వేళ్ళు అడ్డంగా పడేలా పట్టుకోవాలి. చెయ్యి పెద్దదైతే రెండు వేళ్ళు, చిన్నదైతే మూడు, కిందనుంచి బొటనవేలు. బంతికీ అరచేతికీ మధ్య సందు కనబడాలి. ఆ సందు లేకుంటే ఎంత బలంగా విసిరినా బంతి తూలుతుంది.

పాదం నుంచి మొదలు

బేస్‌కూ బేస్‌కూ మధ్య దూరం 60 అడుగులు, అంటే 18 మీటర్ల పైచిలుకు. చురుకైన పాప దాన్ని నాలుగు సెకన్లకు అటూఇటూగా దాటేస్తుంది. నేల మీద దొర్లే బంతిని వంగి పట్టి, లేచి, మొదటి బేస్‌కు విసిరేకి ఫీల్డర్‌కు ఉండే గడువు కూడా అంతే. ఈ తొందరలోనే పిల్లలు కాళ్ళు మరచిపోయి చెయ్యి ఒక్కటే ఊపుతారు.

సరైన విసురు నేల నుంచి పుడుతుంది. కుడిచేతి వాటం పాప అయితే మొదట కుడిపాదం అడ్డంగా తిప్పి, ఎడమ భుజం బంతి పోవాల్సిన వైపు చూపాలి. గ్లౌజు ఉన్న చెయ్యి అటే చాచాలి. ఎడమకాలు ముందుకు వేస్తూ బరువు దాని మీదికి మార్చాలి. కాలు ఆనగానే నడుము తిరగాలి. నడుము వెనక భుజం, భుజం వెనక మోచేయి, చివర్న మణికట్టు.. ఒకదాని వెనక ఒకటి రావాలి. బంతి వదిలాక చెయ్యి ఆగకుండా ఎడమ మోకాలి వైపు దిగిపోవాలి. మధ్యలో ఆపితే ఆ వేగమంతా భుజమే మింగుతుంది.

పిల్లల్లో కనబడే తప్పులు నాలుగైదుకు మించవు. ఛాతీ ఎదురుగా పెట్టి విసరడం మొదటిది. కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేయడం రెండోది. ఇది ఆడపిల్లల్లో ఎక్కువ అంటారు. అలవాటు లేనివాళ్ళు ఎవరైనా అట్లే వేస్తారు. గోలీలు, రాళ్ళు, బంతులు అన్నీ మగపిల్లల చేతికే ఇచ్చి, ఆడపిల్లకు విసరడం రాదనడం ఎక్కడి న్యాయం? కుడిచేతి వాటం మగపిల్లవాణ్ణి ఎడమచేత్తో విసరమని చూడండి. అతనూ అట్లే తోస్తాడు.

అన్నిటికంటే చెడ్డది మోచేయి భుజం కంటే కిందికి జారిపోవడం. వీధి క్రికెట్‌లో బౌండరీ నుంచి పక్కవాటుగా గిరాటు వేసే అలవాటు ఉన్నవాళ్ళకు ఇది వదలదు. విసిరే క్షణంలో మోచేయి భుజానికి సమంగా ఉండాలి. "చెయ్యి పైకెత్తు" అంటే పిల్లలు అరచెయ్యి ఎత్తుతారు, మోచేయి కిందే ఉంటుంది. "మోచేయి ఎత్తు పాపా" అనాలి. మాటలో ఈ చిన్న తేడాకే విసురు మారిపోతుంది.

దీన్ని నేర్పేకి ఖర్చేమీ లేదు. నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీస్తే చాలు. వెనక పాదం గీతకు అడ్డంగా, ముందు పాదం గీత మీద పడాలి. గీత దాటి పక్కకు పడిందంటే నడుము ముందే తెరుచుకుందని అర్థం. మొదట ఐదు మీటర్ల దూరం నుంచి గోడ మీద సుద్దతో గీసిన చతురస్రానికి విసరాలి. పదింటిలో ఏడు తగిలితేనే రెండడుగులు వెనక్కి. తగలకముందే దూరం పెంచితే కాలు మరచి చెయ్యి గుంజడం మళ్ళీ మొదలవుతుంది.

రాగి చేలల్లో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలు తోలిన పెద్దలు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. వడిసెల తిప్పేవాళ్ళు చేత్తో తిప్పరు. కాళ్ళు ఎడంగా పెట్టి, నడుము వెనక్కి తీసి, ఒంటి బరువుతో వదులుతారు. పిల్లలను ఒకసారి ఆ తాత దగ్గర నిలబెట్టి చూపిస్తే పీటీ సారుకు సగం శ్రమ తగ్గుతుంది. పిచ్చర్ విసురు వేరే. అది కిందనుంచి వచ్చేది. పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లే చేతికి ఆ ఊపు కొంతవరకు తెలుసు.

మోచేయి నొప్పి అంటే..

పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లల ఎముకల చివర్న ఇంకా గట్టిపడని మృదువైన పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పదేపదే తప్పుగా, శక్తికి మించి విసిరితే మోచేయి లోపలివైపు కండరం ఆ పొరను లాగుతూ ఉంటుంది. మొదట నొప్పి, తర్వాత వాపు, పట్టించుకోకుంటే ఎముక ముక్కే పక్కకు జరగొచ్చు. బేస్‌బాల్ ఆడే చిన్నపిల్లల్లో ఈ ఇబ్బందిని 1960లో అమెరికా వైద్యులు బ్రాగ్డన్, క్రో ఎక్స్‌రేల ఆధారంగా వివరించారు. అప్పటి నుంచి దానికి 'లిటిల్ లీగర్ ఎల్బో' అనే పేరు నిలిచింది. భుజం దగ్గరా ఇలాంటిదే వస్తుంది.

మన దగ్గర చిక్కేమిటంటే, పిల్ల "నొప్పి సార్" అంటే కొత్త కదా, రెండు రోజుల్లో పోతుందిలే అంటారు. ఒళ్ళు నొప్పులు వేరు, కీలు నొప్పి వేరు. కండ పట్టేస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది. మోచేయి లోపలి ఎముక మీద వేలు పెడితే ఉలిక్కిపడిందంటే విసరడం ఆ రోజే ఆపాలి. నూనె రాసి గట్టిగా నీవడం అస్సలు వద్దు. ఈ సరిహద్దులో పుత్తూరు కట్టు బోర్డులకు కొదవ లేదు, నమ్మకమూ ఎక్కువే. కానీ ఎదిగే పిల్ల కీలు దగ్గర నొప్పికి మొదట ఎముకల డాక్టరు చూడాలి, ఎక్స్‌రే అవసరమో కాదో ఆయనే చెబుతారు. చాలామందికి కొన్ని వారాల విశ్రాంతితోనే నయమవుతుంది. విశ్రాంతి ఇవ్వకుండా పోటీ ఉందని ఆడిస్తేనే ముదురుతుంది.

నిజానికి మందు కంటే లెక్క ముఖ్యం. మొదటి నెలలో రోజుకు 30, 40 గట్టి విసుర్లు దాటనవసరం లేదు. వారానికి రెండు రోజులైనా చేతికి సెలవు ఉండాలి. పొద్దున క్రికెట్‌లో బౌలింగు చేసి సాయంత్రం సాఫ్ట్‌బాల్ విసిరే పిల్లల చేతికి రెండు ఆటలూ ఒక్కటే. ఇంకొకటి.. హోసూరు చలి సంగతి తెలిసిందే. మార్గశిరం, పుష్యంలో పొద్దున ఆరింటికి మైదానంలో పొగమంచు ఉంటుంది. ఆ చలిలో ఒళ్ళు వేడెక్కకుండా మొదటి బంతే బలంగా విసరనీయకూడదు. రెండు రౌండ్లు పరుగెత్తి, చేతులు తిప్పి, దగ్గర్నుంచి మెల్లగా విసిరి.. అప్పుడు దూరం.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచ్చర్ యుకికో ఉఎనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లలో కలిపి 413 బంతులు వేసి జట్టుకు స్వర్ణం తెచ్చింది. ఈ కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఆమె వయసు కూడా చెప్పాలి. అప్పటికి ఆమెకు 26 ఏళ్ళు.

కవర్ డ్రైవ్ ఇక్కడ పనికిరాదు

కొట్టే విషయానికి వస్తే క్రికెట్ బాగా వచ్చినవాళ్ళకే కష్టం ఎక్కువ. క్రికెట్‌లో బంతి నేలను తాకి లేస్తుంది, బ్యాటు నిలువుగా దిగుతుంది, బ్యాటుకు చదునైన ముఖం ఉంటుంది. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేల తాకకుండా చంకకూ మోకాలికీ మధ్య వస్తుంది. బ్యాటు గుండ్రం, లావు అంతా కలిపి రెండుంపావు అంగుళాలే. వెనక్కి తాకించి పరుగు తీద్దామంటే అది ఫౌల్. గ్లాన్స్, లేట్ కట్ ఎంత అందంగా ఆడినా లెక్కలోకి రావు. ముందున్న రెండు గీతల మధ్యే బంతి పడాలి.

పైగా సమయం తక్కువ. మహిళల ఆటలో పిచ్చర్ నిలబడేది 43 అడుగుల దూరంలో. చెయ్యి, కాలు ముందుకు వచ్చాక బంతి వదిలేసరికి ఇంకో ఐదారు అడుగులు తగ్గుతుంది. గంటకు 96 కిలోమీటర్ల వేగంతో వేస్తే బ్యాటర్‌ను చేరేకి అర సెకను కూడా పట్టదు. బడి స్థాయిలో 65 కిలోమీటర్ల వేగమనుకున్నా ముప్పావు సెకను లోపే. బంతి చూశాక ఆలోచిద్దామనుకుంటే అది క్యాచర్ గ్లౌజులో ఉంటుంది.

అందుకే నిలబడటం దగ్గర్నుంచే అంతా సిద్ధంగా ఉండాలి. కాళ్ళు భుజాల కంటే కొంచెం ఎడంగా, మోకాళ్ళు వదులుగా, బరువు పాదాల ముందు భాగం మీద. బ్యాటును అరచేత్తో కాదు, వేళ్ళతో పట్టాలి. రెండు చేతుల మధ్య కణుపులు దాదాపు ఒకే వరసలో రావాలి. గొడ్డలి పట్టినట్టు బిగిస్తే మణికట్టు తిరగదు. పిచ్చర్ చెయ్యి తిరిగేటప్పుడు బ్యాటర్ బరువు కొంచెం వెనక్కి పోవాలి. ముందుకాలు చిన్నగా, మెత్తగా పడాలి, పెద్ద అంగ వద్దు. కాలు పడ్డాకే నడుము తిరుగుతుంది, నడుము తిరిగాకే చేతులు వస్తాయి. ఇక్కడా అదే వరస. విసురుకూ దెబ్బకూ మూలం ఒకటే.

దెబ్బ తగిలే చోటు ముందు పాదానికి కాస్త ముందు. తల కదలకూడదు, గడ్డం ముందు భుజం మీద మొదలై వెనక భుజం దగ్గర ఆగాలి. ఒకప్పుడు అమెరికాలో "వెనక కాలితో పురుగును నలిపినట్టు తిప్పు" అని పిల్లలకు చెప్పేవారు. అలా చెబితే బరువంతా వెనకే ఉండిపోతోందని చాలామంది కోచ్‌లు ఆ మాట మానేశారు. మన దగ్గర పాత పుస్తకం చూసి ఇప్పటికీ చెప్పేవాళ్ళుంటే వాళ్ళూ మానేయొచ్చు. వెనక మడమ దానంతటది లేస్తే చాలు.

బిళ్ళంగోడు ఆడిన పిల్లలకు ఒక మేలుంది. గాల్లో లేచిన బిళ్ళను అడ్డంగా కొట్టడం వాళ్ళకు తెలుసు, కంటికీ చేతికీ లంకె ఉంది. వాళ్ళు మాన్పించుకోవాల్సింది ఒక్కటే, పైనుంచి కిందికి నరికే అలవాటు.

ఇందుకు పిచ్చర్ అక్కర్లేదు, గ్రౌండు కూడా అక్కర్లేదు. నడుమెత్తు కొయ్య పాతి, దాని తలకు మోటారు పైపు ముక్క తొడిగితే బంతి నిలిచే స్టాండు తయారు. దాని మీద బంతి పెట్టి ఒక్కో పాప రోజుకు 25 దెబ్బలు కొట్టాలి, ఆ ఇరవయ్యైదూ ఒకే తీరుగా. చెట్టుకు వేలాడదీసిన పాత టైరును కొడితే దెబ్బలో నడుము ఉందో లేదో చప్పుడే చెబుతుంది. చేతులతోనే కొడితే టైరు వణుకుతుంది, నడుముతో కొడితే ఊగుతుంది. ఆ తర్వాత పక్కనుంచి ఒకరు మెల్లగా ఎగరేస్తే కొట్టడం. కాగితం ఉండలకు రెండు రంగులు పూసి, ఏ రంగు వచ్చిందో పైకి చెబుతూ కొట్టమంటే తల ఎత్తేసే అలవాటు పోతుంది.

బ్యాటు బరువు దగ్గర చాలా బడుల్లో తప్పు జరుగుతుంది. పెద్దల జట్టు వాడేసిన 34 అంగుళాల బ్యాటే ఐదో తరగతి పిల్లకూ. నియమాల్లో 34 అంగుళాలు అనేది గరిష్ఠం, అందరూ అదే వాడాలని కాదు. బ్యాటును ఒక చేత్తో పక్కకు చాచి కాసేపు వణక్కుండా పట్టుకోలేకపోతే అది ఆ పిల్ల బ్యాటు కాదు. హెల్మెట్ లేకుండా బంతికి ఎదురు నిలబెట్టకూడదు. కొట్టగానే బ్యాటు గిరాటు వేసి పరుగెత్తడం కొత్తవాళ్ళ అలవాటు, వెనకున్న క్యాచర్ మొహానికి తగులుతుంది. బ్యాటును కిందపెట్టి పరుగెత్తడం మొదటిరోజే నేర్పాలి.

అనంతపురంలో ఎట్ల వచ్చింది?

హోసూరు నుంచి బెంగళూరు మీదుగా సుమారు 250 కిలోమీటర్లు పోతే అనంతపురం. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలుపెట్టారు. కరవు సీమలో బడులు, ఆసుపత్రులు, ఇళ్ళ తర్వాత ఆ సంస్థ ఆటల మీదా చెయ్యి వేసింది. అనంతపురం క్రీడా గ్రామంలో క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్‌తో పాటు సాఫ్ట్‌బాల్ కూడా నేర్పారు. 2010లో రాఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి పెట్టిందీ అక్కడే. అందరికీ టెన్నిస్ సంగతే గుర్తు. కానీ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, రాష్ట్ర జట్టు దాకా, ఆపైన కూడా ఎదిగింది సాఫ్ట్‌బాల్‌లో.

అనంతపురం పిల్లల చేతులు వేరేవి కావు. వేరుశనగ చేలల్లో, రాగి చేలల్లో పని చేసే ఇళ్ళే అవి కూడా. తేడా ఒకటే. అక్కడ పోటీకి ముందు రెండు వారాల శిబిరం కాదు, ఏడాది పొడవునా శిక్షణ. పిల్ల తప్పు చేసిన రోజే సరిదిద్దే మనిషి పక్కన ఉండటం. హోసూరుకు స్టేడియం కావాలా అంటే కావాలి. కానీ అంతకంటే ముందు కావాల్సింది వారానికి నాలుగు సాయంత్రాలు ఒకే చోట నిలబడే ఒక మనిషి.

ఇంకో మేలు, వాళ్ళకు తెలుగులో నేర్పారు. ఇక్కడి మైదానంలో మూడు, నాలుగు భాషలు. సారు చెప్పేది తమిళం, రూల్సు ఇంగ్లీషు, పిల్లలు తమలో తాము తెలుగో కన్నడమో. ఆటకు ఇది అడ్డేమీ కాదు. కానీ నడుము, తుంటి, మడమ, కణుపు వంటి ఒంటి మాటలు పిల్ల ఇంట్లో వినే భాషలో చెబితే ఒళ్ళు తొందరగా వింటుంది. 'హిప్ రొటేషన్' అని పదిసార్లు అరిచే బదులు "నడుము తిప్పప్పా" అని ఒకసారి అంటే పని అవుతుంది. తమిళ పిల్లకు తమిళంలో, కన్నడ పిల్లకు కన్నడంలో ఇదే మాట.

ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ 1996లో అడుగుపెట్టి, 2008 తర్వాత పోయి, టోక్యోలో ఒకసారి వచ్చి, 2024లో మళ్ళీ లేకుండా పోయింది. 2028 లాస్ ఏంజిలిస్‌కు దాన్ని తిరిగి చేర్చాలన్న నిర్ణయం జరిగింది ముంబైలోనే, 2023 అక్టోబరులో. అదే సమావేశంలో క్రికెట్‌నూ చేర్చారు. మన పత్రికలన్నీ క్రికెట్ గురించే రాశాయి, అది వేరే సంగతి.

మొదటి నెల ఇలా..

కొత్తగా మొదలుపెట్టే బడికి మొదటి వారం బ్యాటే అక్కర్లేదు. గీత మీద కాలు, గోడ మీద గురి, అంతే. రెండో వారం జతలుగా నిలబడి పది మీటర్ల దూరం నుంచి విసరడం, రెండు చేతులతో పట్టడం. మూడో వారం కొయ్య స్టాండు, టైరు, కాగితం ఉండలు. రోజూ చివర్న పిల్లలనే ఒకరి విసురు ఒకరు చూసి చెప్పమనాలి. "మోచేయి దిగింది చూడక్కా" అని చిన్నపిల్ల పెద్దపిల్లకు చెప్పిందంటే ఆ ఇద్దరికీ వచ్చినట్టే. నాలుగో వారం శనివారం ఒక ఆట ఆడించాలి, స్కోరు మాత్రం రాయకూడదు. పిల్లలు ఎలాగూ లెక్కపెట్టుకుంటారు.